లాస్ వేగాస్ అణుపరీక్షల మ్యూజియం: రెండు గంటలు చాలవు, రెండు రోజులు పెట్టుకోండి

టికెట్లు బుక్ చేస్తూ మా అల్లుడు "రెండు గంటల్లో అయిపోతుంది అత్తయ్యగారూ, తర్వాత షాపింగ్‌కి వెళ్దాం" అన్నాడు. మొదటి రోజు నాకు ఐదు గంటలు పట్టింది. మర్నాడు మళ్లీ వెళ్లాను. 2018 అక్టోబరులో అమెరికా వెళ్లి అమ్మాయి దగ్గర ఉన్న ఆరు వారాల్లో నేను చూసినవాటిలో ఇంతగా మనసులో నిలిచింది ఇంకోటి లేదు. అందుకే ఈ రివ్యూ కాస్త పెద్దదవుతుంది.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా ఆసక్తి మీకు అర్థం కాదు. 1984 నుంచి 2015 దాకా గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టుగా, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేశాను. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ మెషిన్ గదికి గోడ ఎంత మందం ఉండాలి, తలుపులో సీసం ఎంత పెట్టాలి, బయట వరండాలో కూర్చున్న రోగి బంధువులకు ఎంత డోసు పడుతుంది... ముప్పై ఒక్క ఏళ్లు నా పని ఇదే. కోబాల్ట్ గామా కిరణాలను సగానికి తగ్గించాలంటే సుమారు 12 మిల్లీమీటర్ల సీసం కావాలి, కాంక్రీటయితే 6 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ అంకెలు నాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చు. ఎక్కాలు ఎవరు కట్టారని మనం అడగం కదా, వీటి గురించి నేనూ ఎప్పుడూ అడగలేదు. అడగాలని ఈ మ్యూజియంలోనే తోచింది.

మ్యూజియం ఫ్లెమింగో రోడ్డులో ఉంది. క్యాసినోలుండే స్ట్రిప్ నుంచి కారులో పది నిమిషాలు. బయట్నుంచి చూస్తే మామూలు ఆఫీసు భవనంలా ఉంటుంది, దాటి వెళ్లిపోకండి. 2005లో తెరిచారు, అమెరికా జాతీయ మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్‌కు అనుబంధ మ్యూజియం. ఇక్కడికి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో నెవాడా టెస్ట్ సైట్ ఉంది. 1951 జనవరి నుంచి 1992 సెప్టెంబరు దాకా అక్కడ 928 అణుపరీక్షలు జరిగాయి. అందులో 100 నేల మీద, గాలిలో. మిగతా 828 భూగర్భంలో. ఆ చరిత్రంతా ఈ భవనంలో పెట్టారు.

అందరూ మొదట చెప్పేది గ్రౌండ్ జీరో థియేటర్ గురించి. కాంక్రీటు బంకర్‌లాంటి గది, చెక్క బెంచీలు. కౌంట్‌డౌన్ అయ్యాక తెర నిండా తెల్లటి వెలుగు, తర్వాత కింద బెంచీ అదరడం, ఒంటి మీదికి గాలి కొట్టడం. పదమూడేళ్ల మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బీపీ, నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లు చివరి బెంచీలో కూర్చుంటే మంచిది. బయటికి వచ్చాక మనవరాలికి ఒక్క మాట చెప్పాను: "వెలుగుకీ ఈ గాలిదెబ్బకీ మధ్య ఒక వస్తువు మన ఒంట్లోంచి వెళ్లిపోయింది. దాన్ని ఏ థియేటరూ చూపించలేదు. అమ్మమ్మ ఉద్యోగమంతా దానికి అడ్డం పెట్టడమే." నిజంగానే అంతే. కిలోమీటరు దూరంలో ఉన్న మనిషిని పేలుడు తాకిడి చేరడానికి రెండు సెకన్లు పడుతుంది. న్యూట్రాన్లూ మొదటి గామా కిరణాలూ అప్పటికే ఆ మనిషిని దాటిపోయి ఉంటాయి.

లోపల పాత గీగర్ కౌంటర్లు, డోసు కొలిచే బ్యాడ్జీలు ఉన్న భాగం దగ్గర నేను కదల్లేకపోయాను. అక్కడ ఒక వాలంటీర్ పెద్దాయన ఉన్నారు, టెస్ట్ సైట్‌లో పనిచేసి రిటైరయ్యారట. నేను బ్యాడ్జీల ఫిల్టర్ల గురించి అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. అరగంట మాట్లాడుకున్నాం. నేను అడగాలనుకున్న అసలు ప్రశ్న విని, "మీకు కావలసింది ఈ అద్దాల పెట్టెల్లో లేదు, ఇదే భవనంలో రీడింగ్ రూమ్‌లో ఉంది" అని దారి చూపించారు. ఆ పెద్దాయనకు ఈ రివ్యూ చేరదు కానీ, ఆయనకు నమస్కారం.

నా ప్రశ్న ఇది. బాంబు పేల్చి, ఒక గోడ వెనక మనిషికి ఎంత డోసు పడుతుందో కొలవాలంటే ఆ ప్రయోగాన్ని ఎలా వేస్తారు? నా దగ్గరున్నది ఒక మెషిన్, ఒక గది. మీట నొక్కితే సోర్సు బయటికి వస్తుంది, మళ్లీ నొక్కితే లోపలికి పోతుంది. తప్పు కొలిస్తే రేపు మళ్లీ కొలుస్తాను. వాళ్లకు దొరికేది ఒక్క క్షణం.

ఆ రీడింగ్ రూమ్ పేరు న్యూక్లియర్ టెస్టింగ్ ఆర్కైవ్. ఒకప్పుడు రహస్యమై తర్వాత బయటపెట్టిన పరీక్షల రిపోర్టులు అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. నేను మర్నాడు పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఉన్నాను. నా నుంచి డబ్బు తీసుకోలేదు. అక్కడి ఉద్యోగిని నాకేం కావాలో ఓపికగా విని, పెట్టెలు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నేను విదేశీయురాలిని, చీర కట్టుకున్న ముసలమ్మను అన్న తేడా ఎక్కడా కనిపించలేదు. నా ఐదు నక్షత్రాలూ ముందు ఆ గదికే.

1957లో ప్లంబ్‌బాబ్ అనే పేరుతో నెవాడాలో వరసగా 29 పరీక్షలు చేశారు. వాటిలో సైన్యం వేసిన షీల్డింగ్ (రేడియేషన్‌కు అడ్డు) ప్రయోగాల ఉద్దేశం సూటిగా ఉంటుంది: ట్యాంకులో ఉన్న సైనికుడు, గోతిలో ఉన్న సైనికుడు, మట్టి కప్పిన ఆశ్రయంలో ఉన్న సైనికుడు. బయట నిలబడ్డవాడితో పోలిస్తే ఒక్కొక్కరికి ఎన్నో వంతు డోసు? లోపల ఒక డిటెక్టర్, అంతే దూరంలో బయట ఆరుబయలు ఇంకో డిటెక్టర్. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే ఆ గోడ విలువ వస్తుంది. ఈ భాగహారమే నేను కోబాల్ట్ గదిలో చేసేది కూడా.

కానీ ప్లాను వేసేవాళ్ల కష్టం చూడండి. దగ్గర పెడితే పేలుడుకు ట్యాంకే తిరగబడుతుంది, డిటెక్టర్ దొరకదు. దూరం పెడితే గోడ దాటి లోపలికి వచ్చే కాస్త డోసు కొలతకు అందదు. బాంబు శక్తి ముందుగా లెక్కేసినంతే ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి ఒకే దూరంలో కాకుండా వరసగా పెట్టుకుంటూ పోవాలి. గాలి దిశ సరిగా లేదని పరీక్ష వాయిదా పడితే, ఎడారి ఎండకు ఫిల్మ్ బ్యాడ్జీలు మసకబారిపోతాయి. ఈ బాధ నాకు బాగా తెలుసు. ఒకసారి మేలో మా టెక్నీషియన్ ఒకతను బ్యాడ్జీని స్కూటర్ డిక్కీలో పెట్టి మరిచిపోయాడు. గుంటూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు కదా. ఆ మూడు నెలల రీడింగును నమ్మాలా వద్దా అని నాకు ఎంత టెన్షనో.

న్యూట్రాన్లకు ఇంకో పద్ధతి. బంగారం, గంధకం లాంటివాటి చిన్న బిళ్లలు పెడతారు. న్యూట్రాన్ తగిలితే బంగారం కొద్దిగా రేడియోధార్మికమవుతుంది, దాన్ని తర్వాత ప్రయోగశాలలో లెక్కిస్తారు. నెమ్మది న్యూట్రాన్లను బంగారం పడుతుంది, వేగంగా వచ్చేవాటిని గంధకం పడుతుంది. రెండూ పెడితేనే సంగతి తెలుస్తుంది. అయితే బంగారంలో పుట్టిన ఆ ధార్మికత 2.7 రోజుల్లో సగమైపోతుంది. అంటే పేలిన చోటికి వీలైనంత త్వరగా మనిషి వెళ్లి తేవాలి, ఆ మనిషికి డోసు పడకూడదు. ప్రయోగం ప్లానులో సగం పేజీలు కొలత గురించి కాదు, ఆ బిళ్లలను వెనక్కి తేవడం గురించే అని నాకు అనిపించింది. సేఫ్టీ ఆఫీసర్‌గా ఆ పేజీలు నేను రెండుసార్లు చదివాను.

ట్యాంకు విషయంలో వచ్చిన చిక్కు మా విద్యార్థులకు ఏటా చెప్పేదాన్ని, దాని మూలం ఇంత పాతదని మాత్రం తెలియదు. ఉక్కు గామాను బాగా ఆపుతుంది. న్యూట్రాన్‌ను అంత బాగా ఆపలేదు. గోలీని ఇనప గుండు మీదికి కొడితే గోలీ దాదాపు అదే వేగంతో వెనక్కి ఎగురుతుంది. ఇంకో గోలీకి కొడితే తన వేగం దానికిచ్చి ఆగిపోతుంది. న్యూట్రాన్‌కు సమానమైన గోలీ హైడ్రోజన్. అందుకే నీళ్లు, తడిమట్టి, ప్లాస్టిక్, కాంక్రీటు పనికొస్తాయి. మందపాటి ఉక్కు పలకలున్న ట్యాంకు కంటే, తడిమట్టి కప్పిన గొయ్యి న్యూట్రాన్లకు మంచి అడ్డు కావచ్చు. క్యాన్సర్ వైద్యానికి వాడే పెద్ద లీనియర్ యాక్సిలరేటర్ గదుల తలుపుల్లో సీసంతో పాటు బోరాన్ కలిపిన పాలిథిన్ పలకలు పెట్టేది ఈ కారణంతోనే. తలుపు అంత బరువెందుకని కాంట్రాక్టర్లు విసుక్కుంటారు.

ఇంతవరకూ యుద్ధం కోసం చేసినవి. నన్ను కదిలించింది తర్వాతి పెట్టె.

హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్లను 1947 నుంచి వైద్యులు గమనిస్తూ వచ్చారు. ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు వచ్చిందో రాసుకున్నారు. కానీ ఎవరికి ఎంత డోసు పడిందో తెలియకపోతే ఆ రాతకు అర్థం లేదు. అప్పుడు వాళ్ల ఒంటి మీద బ్యాడ్జీలు లేవు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఉన్నారు. చెక్క, మట్టి గోడ, పెంకు కప్పు ఉన్న ఇళ్లు. ఆ గోడ ఎంత ఆపింది? దీన్ని తేల్చడానికి అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్లు నెవాడా ఎడారిలో జపాను ఇళ్లు కట్టారు. మట్టి గోడా పెంకూ ఎంత ఆపుతాయో ముందు ప్రయోగశాలలో కొలిచి, అంతే ఆపే సిమెంటు-ఆస్‌బెస్టాస్ పలకలతో అదే కొలతల ఇళ్లు. 1957, 58 పరీక్షల్లో వాటిలో డిటెక్టర్లు పెట్టి చూశారు.

బాంబుతో కష్టమేంటంటే, ఒక కిటికీ మార్చి మళ్లీ చూడలేరు. అందుకని 1962లో యక్కా ఫ్లాట్ అనే చోట 465 మీటర్ల ఎత్తు ఉక్కు టవర్ నిలబెట్టారు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అలాంటివి మూడున్నరకు పైగా ఒకదాని మీద ఒకటి పెట్టినంత. దాని మీదికి కవచం లేని చిన్న రియాక్టర్‌ను లిఫ్టులాగా ఎత్తేవారు. తర్వాత కోబాల్ట్-60 సోర్సును కూడా ఎత్తారు. హిరోషిమా బాంబు పొద్దున ఎనిమిదింపావుకి సుమారు 600 మీటర్ల ఎత్తులో పేలింది, నాగసాకి బాంబు సుమారు 500 మీటర్ల ఎత్తులో. పైనుంచి ఏటవాలుగా కిరణాలు పడితే ఇంట్లో ఏ మూల ఎంత పడుతుందో ఇప్పుడు తీరిగ్గా కొలవొచ్చు. పేలుడు లేదు, తాకిడి లేదు. ఇవాళ ఒక ఇల్లు, రేపు రెండు ఇళ్లు పక్కపక్కన, ఎల్లుండి తలుపు అటువైపు. ఈ ప్రయోగాన్ని బ్రెన్ అన్నారు. నా దృష్టిలో షీల్డింగ్ ప్రయోగం ఎలా వేయాలో చూపించిన గొప్ప ఉదాహరణ ఇది. ఒక్కసారికి ఒక్కటే మార్చు, మిగతావన్నీ కదలనివ్వకు. ఆ టవర్ తర్వాత వేరే చోటికి మారింది. 2012 మేలో కూల్చేశారు. నేను చూడలేకపోయినందుకు నిజంగా బాధపడ్డాను.

ఇంకోపక్క జపానులో ఉద్యోగులు వేలమంది బాధితుల ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ అడిగారు. ఆ ఉదయం మీరు ఇంట్లో ఏ గదిలో ఉన్నారు? కిటికీకి ఎంత దూరం? ఎటు తిరిగి ఉన్నారు? నిలబడ్డారా, పడుకున్నారా? ఇంటి బొమ్మ గీసి అందులో మనిషిని గుర్తుపెట్టారు. పక్కింటి గోడ ఎటువైపు ఉందో కూడా రాశారు. ఒక తల్లి వంటగదిలో ఎటు తిరిగి ఉందన్నది ఒక అంకె అయింది. ఎడారిలోని ఇంట్లో అదే మూల పెట్టిన డిటెక్టర్ ఆ అంకెకు జవాబు చెప్పింది. అది చదువుతూ నేను కళ్లద్దాలు తీసి కాసేపు అలా కూర్చున్నాను.

ఆ జవాబులో తప్పు కూడా ఉంది, దాన్ని వాళ్లే తర్వాత దిద్దుకున్నారు. ఆ కొలతలతో 1965లో కట్టిన డోసుల పట్టికలో హిరోషిమా న్యూట్రాన్లు ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకొచ్చాయి. ఒక కారణం గాలి. నెవాడా ఎడారి గాలి పొడి. ఆగస్టులో హిరోషిమా గాలి నిండా తేమ. తేమంటే నీళ్లు, నీళ్లంటే హైడ్రోజన్, అదే ఆ గోలీ. జపాను గాలి తానే కొన్ని న్యూట్రాన్లను ఆపేసింది, ఎడారిలో కొలిస్తే ఆ సంగతి తెలియలేదు. బాంబు చుట్టూ ఉన్న మందపాటి ఉక్కు కవచం లెక్క కూడా అప్పుడు సరిగా రాలేదు. ఇళ్ల గోడల విషయంలోనూ మార్పు వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకు బయటి గామాలో 90 శాతం దాకా పడిందని 1965 పట్టిక. కంప్యూటర్లతో మళ్లీ లెక్కేసిన 1986 పట్టికలో అది సగానికి కాస్త తక్కువ. కృష్ణా తీరపు ఉక్కపోతలో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు, గాలిలో తేమ ఇంత పని చేస్తుందన్నది అక్కడ చదివితే గానీ తట్టలేదు.

ఇది నాకు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెప్తాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మాకు ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌ల (డోసును కొలిచే యూనిట్) పరిమితి. 86 పట్టికతో బాధితుల డోసులు మారాక, క్యాన్సర్ ముప్పు అనుకున్నదాని కంటే ఎక్కువని తేలింది. 1990లో రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంఘం పరిమితిని ఏడాదికి సగటున 20కి తగ్గించింది. మన అణుశక్తి నియంత్రణ మండలి కూడా దాన్నే తీసుకుంది: ఐదేళ్లకు 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆ సర్క్యులర్ వచ్చిన రోజు మా డిపార్ట్‌మెంట్‌లో పెద్ద చర్చ జరిగింది. మేం ఇంతకాలం పొందింది ఎక్కువా అని టెక్నీషియన్ల భయం. అప్పుడు నేను వాళ్లకు పుస్తకంలో ఉన్నది చెప్పాను. నా మెడలో వేలాడిన బ్యాడ్జీకీ, ఎడారిలోని ఆ పలకల ఇంటికీ, వంటగదిలోని ఆ తల్లికీ మధ్య ఉన్న దారి మాత్రం నాకు అప్పుడు కనబడలేదు. కనబడి ఉంటే ఇంకోలా చెప్పేదాన్ని.

మ్యూజియం గురించి ఇంకో మాట. బాంబు అంటేనే ఇష్టం లేనివాళ్లు ఇక్కడికి ఎందుకు వెళ్లాలని అడగొచ్చు, మా అమ్మాయి అడిగింది. ఆ నేల వెస్ట్రన్ షోషోనీ ప్రజలది, 1863 ఒప్పందం ప్రకారం తమదేనని వాళ్లు ఇవాళ్టికీ అంటారు. పరీక్షల ధూళి గాలికి పడ్డ ఊళ్లవాళ్లకు 1990లో చేసిన చట్టం కింద 50 వేల డాలర్లు, సైట్‌లో పాల్గొన్నవాళ్లకు 75 వేల డాలర్లు పరిహారమన్నారు. పరీక్షలప్పుడు సైనికులను కందకాల్లో కూర్చోబెట్టడాన్ని నేను క్షమించగలిగే ప్రయోగంగా చూడలేను. డిటెక్టర్‌ను గోతిలో పెట్టడం వేరు, ఇరవై ఏళ్ల కుర్రాడిని పెట్టడం వేరు. సేఫ్టీ ఆఫీసర్‌గా ఆ ప్లాను నా టేబుల్ మీదికి వస్తే సంతకం పెట్టేదాన్ని కాదు. అయినా వెళ్లాలి. నేర్చుకున్నదంతా ఎవరి ఒంటి మీద నేర్చుకున్నారో చూడాలి.

వెళ్లేవాళ్లకు పనికొచ్చేవి. టికెట్ ధరలు మారుతుంటాయి, ముందే చూసుకోండి. పదేళ్ల లోపు పిల్లలకు థియేటర్ తప్ప మిగతాదంతా విసుగు పుట్టిస్తుంది, వాళ్లను తీసుకెళ్లకండి. చదవాల్సిన బోర్డులు చాలా ఉన్నాయి, దగ్గరి చూపు అద్దాలు మరిచిపోవద్దు. ఏసీ చలి, శాలువా ఉంచుకోండి. రీడింగ్ రూమ్ మాట మాత్రం 2018 నాటిది. ఇప్పుడు ఎప్పుడు తెరుస్తున్నారో ఫోన్ చేసి కనుక్కుని, ఏ పరీక్షల శ్రేణి, ఏ ఏడాది కావాలో ముందే చెప్పి వెళ్తే సమయం కలిసొస్తుంది. టెస్ట్ సైట్‌కే తీసుకెళ్లే ఉచిత బస్సు టూర్ కూడా ఉంది, కానీ నెలల ముందు పేరు నమోదు చేసుకోవాలి, ఫోన్లూ కెమెరాలూ అనుమతించరు. నాకు కుదరలేదు.

రీడింగ్ రూమ్ నుంచి వచ్చిన రాత్రి మా మనవరాలు నా ఫోటోకాపీల్లో ఉన్న ఇంటి బొమ్మ చూసి, ఒక తెల్లకాగితం తెచ్చుకుంది. మా గుంటూరు ఇంటి ప్లాను గీసింది. సెలవులకు వచ్చిన జ్ఞాపకంతో వరండా, నడవ, వంటిల్లు సరిగ్గానే పెట్టింది. "అమ్మమ్మా, పొద్దున ఎనిమిదింపావుకి నువ్వు ఎక్కడుంటావు?" అంది. వంటింట్లో, స్టవ్ దగ్గర, తూర్పు కిటికీ వైపు తిరిగి. అక్కడ చిన్న సున్నా చుట్టింది. గోడ ఎంత మందమని అడిగితే తొమ్మిదంగుళాల ఇటుక అన్నాను. కోబాల్ట్ గామా అయితే ఎనిమిదో వంతుకు దగ్గరగా తగ్గుతుందని, బాంబు గామా ఇంకా గట్టిది కాబట్టి అంత తగ్గదని లెక్క చెప్పాను. రాసుకుంది.

"మరి కిటికీ?"

మూడడుగులు వెడల్పు, నాలుగడుగులు ఎత్తు అన్నాను. అదీ రాసుకుంది.